రాత్రి బ్రెడ్డు తింటున్నానన్నావు కదా

విశాఖపట్నం,
ఎంవీపీ కాలనీ

చిరంజీవి చిన్నాకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోనులో నువ్వు చెప్పింది విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. షుగరు బయటపడి నెల తిరగకుండానే రాత్రి అన్నం మానేశాననీ, నాలుగు ముక్కల బ్రౌన్ బ్రెడ్డు పాలలో ముంచుకుని తింటున్నాననీ, అయినా పొద్దున్నే చూస్తే అంకె దిగడం లేదనీ అన్నావు. ఫోనులో నేనేదైనా చెబితే సగం విని "సరే పెద్దమ్మా" అంటావని తెలుసు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. పంతొమ్మిదేళ్లుగా ఈ జబ్బుతో కాపురం చేస్తున్నదాన్ని. పైగా ఉద్యోగంలో ముప్పై ఏళ్లు పద్దులు రాసిన చేయి ఇది. ఏది తింటే ఎంత పెరిగిందో నా దగ్గర నాలుగు నోటు పుస్తకాల నిండా ఉంది.

మన ఇళ్లలో బ్రెడ్డు అంటే పథ్యం. జ్వరం వస్తే బ్రెడ్డూ పాలూ. కేజీహెచ్ ఆసుపత్రిలో ఎవరినైనా చూడబోతే సంచిలో ఒక బ్రెడ్డు పాకెట్టు, నాలుగు బత్తాయిలు. షుగరు వచ్చిందనగానే నీ చేయి కూడా అలవాటుగా దాని మీదికే పోయింది. తేలిగ్గా అరుగుతుందనే కదా రోగికి పెట్టేది! మన చిక్కంతా అక్కడే ఉంది. తేలిగ్గా అరగడమంటే తొందరగా చక్కెరగా మారి రక్తంలో చేరడం. గోధుమ గింజ పైపొట్టూ, మొలకెత్తే భాగమూ తీసేయగా మిగిలిన దాన్ని మెత్తగా ఆడిస్తే మైదా. దానికి ఈస్టు కలిపి, పొంగించి, లోపలంతా గాలి గదులతో కాలుస్తారు. నమిలే పని కూడా లేకుండా నోట్లోనే కరిగిపోతుంది. నువ్వు దాన్ని పాలలో నానబెట్టి ఆ కాస్త శ్రమ కూడా తప్పిస్తున్నావు.

తిన్న తిండి ఎంత వేగంగా చక్కెరను పెంచుతుందో చెప్పే అంకె ఒకటుంది, గ్లైసీమిక్ ఇండెక్స్ అంటారు. 1981లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెన్‌కిన్స్ బృందం దాన్ని తెచ్చింది. గ్లూకోజును 100 అనుకుంటే తెల్ల బ్రెడ్డు సగటున 75 దగ్గర, తెల్లన్నం 73 దగ్గర ఉంటాయి. అన్నం మాని బ్రెడ్డు పట్టుకోవడమంటే ఈ చెంప మీది దోమను తోలి ఆ చెంప మీద కూర్చోబెట్టుకోవడమే.

నాది బ్రౌన్ బ్రెడ్డు కదా అంటావు. పాకెట్టు వెనక్కి తిప్పి చూడు. ఏది బరువులో ఎక్కువుంటే దాని పేరు ముందు రాయాలన్నది నిబంధన. మొదటి పేరు శుద్ధి చేసిన గోధుమ పిండి అనో, మైదా అనో ఉంటే, పైన ఏ రంగున్నా అది మైదా బ్రెడ్డే. పట్టిక చివర్లో కారమెల్ అన్న మాటో, రంగుల పేర్ల దగ్గర 150 అన్న అంకెతో మొదలయ్యే గుర్తో కనిపిస్తే, ఆ గోధుమ ఛాయ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. నేను రాగి బ్రెడ్డు దగ్గర మోసపోయాను. మన వైపు చోళ్లంటే, అంటే రాగులంటే, షుగరుకు మందన్నంత నమ్మకం కదా, ఆ పేరు చూసి ఆరు వారాలు తిన్నాను. ఒకరోజు కళ్లజోడు పెట్టుకుని చదివితే చోడిపిండి నాలుగో చోట, ఉప్పుకు ఒక మెట్టు పైన ఉంది. అన్నట్టు, మెత్తటి చోడిపిండితో పలచగా కాచిన జావ కూడా తొందరగానే పెంచుతుంది, అది వేరే ఉత్తరానికి సరిపోయే గొడవ.

నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇది. మైదా కలపని, అచ్చంగా ముడి గోధుమ పిండి బ్రెడ్డు అంకె కూడా సగటున 74. తెల్లదానికీ దానికీ ఒక్కటే తేడా! పొట్టు ఉన్నా అది కూడా పొడిగా నలిగిపోయింది, లోపలి పిండికి అడ్డుగోడగా నిలవలేదు. పీచు ఉంది కాబట్టి కడుపుకు మేలే, తెల్లదాని కంటే నేను దాన్నే కొంటాను. కానీ చక్కెర నెమ్మదిస్తుందని మాత్రం కాదు. గింజలు గింజలుగా, ముక్కలు ముక్కలుగా పంటి కింద తగిలే బరువైన బ్రెడ్డు అయితే 53 దగ్గరికి దిగుతుంది. పొంగించకుండా చేసిన మన చపాతీ, రొట్టెల అంకెలు కొలిచిన చోటును బట్టి 52 నుంచి 62 వరకు ఉన్నాయి. పాకెట్టును చేత్తో నొక్కి చూడు. దూదిలా అణిగిపోతే పక్కన పెట్టేయ్.

పులిసిన పిండితో చేసే బ్రెడ్డు, సోర్‌డో అంటారు, ఈ మధ్య బీచ్ రోడ్డు వైపు కాఫీ దుకాణాల్లో కనిపిస్తోంది. మా అమ్మాయి ఒకసారి తెచ్చింది. పులుపులోని ఆమ్లాల వల్ల పిండి నెమ్మదిగా అరుగుతుంది, మామూలు బ్రెడ్డు కంటే నయమే. ధర మాత్రం మనలాంటి వాళ్లను చూసి పెట్టింది కాదు. "నల్లగా కాలిస్తే షుగరు పోతుంది" అనే మాట నమ్మకు. గడ్డకట్టించి తర్వాత కాల్చుకుంటే పెరుగుదల కొంత తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. చల్లబడినప్పుడు పిండిలో కొంత భాగం గట్టిపడి అరగకుండా మొరాయిస్తుంది. అందుకే నేను పాకెట్టును ఫ్రీజర్‌లో పెట్టి, కావలసిన రెండు ముక్కలే తీసి కాల్చుకుంటాను. నిజం చెప్పాలంటే నాకు దానివల్ల జరిగిన పెద్ద మేలు వేరు. గడ్డకట్టిన బ్రెడ్డును నడుస్తూ నడుస్తూ నోట్లో వేసుకోలేం.

ఇక లెక్క. మామూలు ముక్క ఒకటి 25, 30 గ్రాములు ఉంటుంది, అందులో పన్నెండు నుంచి పదిహేను గ్రాములు పిండి పదార్థమే. నీ నాలుగు ముక్కలకు యాభై దాటిందా? గ్లాసు పాలలో మరో పది, పన్నెండు గ్రాములు. గ్లైసీమిక్ ఇండెక్స్ అంకె ఎంతున్నా, రెండు ముక్కలు తింటే పడే బరువు నాలుగింటిలో సగం. రెండే తిను. మిగిలిన ఆకలికి గుడ్లో, ఉడికించిన సెనగలో, గిన్నెడు ఆకుకూరో పెట్టుకో. పెట్టుకోవడమే కాదు, వాటిని ముందు తిను, బ్రెడ్డు చివర. ఇది నా చాదస్తం కాదు. 2015లో న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో పదకొండు మంది షుగరు రోగులకు ఒక రోజు బ్రెడ్డూ నారింజ రసమూ ముందిచ్చి, పావుగంట తర్వాత కోడిమాంసం, కూరగాయలు పెట్టారు. ఇంకో రోజు తిరగేసి పెట్టారు. కూర, మాంసం ముందు తిన్న రోజు తర్వాతి చక్కెర బాగా తక్కువగా ఉంది. పదకొండు మంది చిన్న లెక్కే, కానీ నా పుస్తకం కూడా అదే చెప్పింది. రెండు ముక్కలు ఉత్తి టీతో తిన్న సాయంత్రం 124 నుంచి 209కి పోయింది. ముందు ఆమ్లెట్, దోసకాయ ముక్కలు తిని తర్వాత అవే రెండు ముక్కలు తిన్న రోజు 121 నుంచి 163 దగ్గర ఆగింది. నీ ఒంటికి ఎంత పెరుగుతుందో నీ మిషనే చెప్పాలి. నాకు పడనిది నీకు పడవచ్చు.

పొద్దున పరగడుపు అంకె చూసి రాత్రి బ్రెడ్డుకు మార్కులు వేస్తున్నావే, అది పొరపాటు. తెల్లవారే వేళకు మన కాలేయం తనంతట తానే చక్కెరను రక్తంలోకి వదులుతుంది. రాత్రి తిండి సంగతి తేలాలంటే తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు ఒకసారి చూడాలి. మామూలుగా తినక ముందు 80కి 130కి మధ్య, తిన్నాక 180 లోపు ఉండాలంటారు. నీ హద్దులు నీ డాక్టరు చెప్పాలి. చూసే ముందు చేతులు సబ్బుతో కడుక్కో. ఒకసారి పనసతొనలు ఒలిచిన చేత్తోనే చుక్క తీసి, 312 చూసి, మీ పెదనాన్నను నిద్రలేపి హడలగొట్టాను. కడుక్కుని చూస్తే 148.

తిన్నాక పది, పదిహేను నిమిషాలు నడువు. షిఫ్టు దిగి వచ్చి తిన్నవాడివి గాజువాక సందుల్లో అటూ ఇటూ తిరిగినా చాలు, బీచ్ రోడ్డే అక్కర్లేదు. కండరాలు ఆ చక్కెరను వాడేసుకుంటాయి.

ఇంకొకటి, ఇది తేలిగ్గా తీసుకోకు. నీ చీటీలో గ్లిమిపిరైడ్ మాత్ర ఉందన్నావు. నువ్వు తిన్నా తినకపోయినా అది చక్కెరను దించుతూనే ఉంటుంది. కాబట్టి డాక్టరుకు చెప్పకుండా అన్నం, బ్రెడ్డు రెండూ ఎత్తేసి మజ్జిగ తాగి పడుకోవద్దు. చేతులు వణికి, చెమట పట్టి, గుండె దడదడలాడితే చూసుకో, 70 లోపు ఉందంటే అది దిగిపోవడం. అప్పుడు బ్రెడ్డు పనికిరాదు, అంత వేగంగా అందదు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగు, పావుగంట ఆగి మళ్లీ చూడు. పెరిగాక, భోజనం వేళ దూరంగా ఉంటే, అప్పుడు ఒక బ్రెడ్డు ముక్క తిను. ఇన్నేళ్లలో నేను అపరాధభావం లేకుండా తిన్న తెల్ల బ్రెడ్డు ఆ ముక్కలే.

రస్కులు బ్రెడ్డు కంటే తేలికని క్యాంటీన్‌లో ఎవరో అన్నారట. నీరు ఎండిపోయింది కాబట్టి చేతికి తేలిక, అంతే. మైదా అక్కడే ఉంది, పైగా చక్కెర. బన్ను సంగతి అడగనే వద్దు. బీపీ మాత్ర కూడా వేసుకునేవాడివి కనుక, బ్రెడ్డులో ఉప్పు ఉంటుందన్నది గుర్తుంచుకో, నాలుకకు తెలియకుండా ఉంటుంది.

ఆదివారం వస్తున్నావుగా, మిషను, ఒక కొత్త నోటు పుస్తకం తెచ్చుకో, గీతలు నేనే గీసిస్తాను. జొన్నరొట్టె, సెనగపప్పు వేసి పొట్లకాయ కూర చేస్తాను. బస్సు దిగి బేకరీ మీదుగా వచ్చేటప్పుడు మీ పెదనాన్న ఫోను చేసి దిల్‌పసంద్ తెమ్మంటారు. నా మాటగా లేదని చెప్పు.

ఇట్లు,
పెద్దమ్మ