వింగేట్ టెస్ట్‌లో బాగా వచ్చిన పహిల్వాన్ రెండో పీరియడ్‌లో ఎందుకు అలసిపోతాడు?

మీ తమ్ముడికి సైకిల్ మీద చేసే వింగేట్ టెస్ట్‌లో మంచి ఫలితం వచ్చిందని, అయినా బౌట్ రెండో పీరియడ్‌లో పట్టు జారిపోతోందని రాశారు. 65 కిలోల ఫ్రీస్టైల్‌లో ఆడే రోజుల్లో నాకూ అచ్చం ఇదే బాధ. టెస్ట్ తప్పు కాదండి. అది 30 సెకన్లపాటు కాళ్ల పవర్‌ని కొలుస్తుంది, అంతే. కుస్తీలో ముందు చచ్చిపోయేవి ముంజేతులు, భుజాలు. పైగా బౌట్ అంటే 3 నిమిషాల పీరియడ్లు రెండు, మధ్యలో విశ్రాంతి 30 సెకన్లే. ఒక్కసారి ఎంత బలం చూపించాడన్నది కాదు, ఆయాసంలో మళ్లీ మళ్లీ ఎత్తగలడా అన్నది చూడాలి.

నాకు ఉపయోగపడింది జూడోవాళ్ల టెస్ట్. 15, 30, 30 సెకన్ల చొప్పున మూడు విడతలు, మధ్యలో 10 సెకన్ల విరామం. వాళ్లు ఒకరికొకరు 6 మీటర్ల దూరంలో నిలబెట్టిన ఇద్దరిని మార్చి మార్చి భుజం మీదుగా విసురుతారు, మన కుస్తీలో ధోబీపాట్ పట్టు లాగే. నేను మనుషుల బదులు రెండు డమ్మీలు పెట్టుకున్నాను. ఆపగానే గుండె వేగం, నిమిషం తర్వాత మళ్లీ గుండె వేగం చూసి, రెండూ కలిపి మొత్తం త్రోల సంఖ్యతో భాగించాలి. ఎంత తక్కువ వస్తే అంత మంచిది. నాకు మొదటిసారి 25 త్రోలు, 182, 154. అంటే 13.44. ఎనిమిది వారాల తర్వాత 27 త్రోలు, 180, 146. అంటే 12.07. త్రోలు పెరిగింది రెండే, కానీ నిమిషం తర్వాతి అంకె 8 తగ్గింది చూడండి. రెండో పీరియడ్‌లో నాకు తేడా తెలిసింది అక్కడే.

ఈ అంకెను జూడోవాళ్ల ఫలితాల పట్టికలతో మాత్రం పోల్చకండి, డమ్మీతో చేసిన లెక్కకు అవి సరిపోవు. తమ్ముడి పాత అంకెతోనే పోల్చండి. ప్రతిసారీ అదే డమ్మీ, అదే దావ్ (విసిరే పద్ధతి), అదే సమయం ఉండాలి. బరువు తగ్గించుకునే వారంలో అసలు పెట్టొద్దు. ఒకసారి మా తాలీంలో (కుస్తీ నేర్పే చోట) బరువు తగ్గడానికి నీళ్లు మానేసిన కుర్రాడికి ఈ టెస్ట్ పెట్టారు, కళ్లు తిరిగి మ్యాట్ మీదే పడిపోయాడు. ఆ భయం నాకు ఇప్పటికీ పోలేదు.

పిల్లవాడు చిన్నవాడైతే వెనక్కి వంగి విసిరే దావ్‌లు వద్దు, మెడకు ప్రమాదం. వయసు, డమ్మీ బరువు చెబితే ఎలా మొదలుపెట్టాలో రాస్తాను.