చూరు కింద కందిరీగల తుట్టె: తగలబెట్టొచ్చా? కేసు పెడతారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కాకినాడ జిల్లా తాళ్లరేవు మండలం. పెంకుటిల్లు. బాత్‌రూమ్ దారిలో చూరు కింద కందిరీగలు తుట్టె పెట్టాయి. పెరట్లో కాలువ వైపున్న కొబ్బరిచెట్టు మట్టల మధ్య ఇంకో పెద్ద గుండ్రటి గూడు ఉంది. పోయిన నెల మావారి చేతికి రెండు కుట్టాయి. మోచేతి దాకా వాచిపోయి మూడు రోజులు తగ్గలేదు. ఊళ్లో డాక్టరు గారు యాంటిబయాటిక్ ఇచ్చారు. మా అత్తయ్య గారికి 66 ఏళ్లు, బీపీకి అటెనొలాల్ వాడతారు. కొన్నేళ్ల కిందట ఆవిడకి ఒక్క కందిరీగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, కళ్లు తిరిగి పడిపోయారు. ఇప్పుడు మావారు గెడకి కిరోసిన్ గుడ్డ చుట్టి రెండూ తగలబెడతానంటున్నారు. కోరంగి అభయారణ్యం దగ్గర కాబట్టి ఫారెస్టు వాళ్లు కేసు పెడతారని పక్కింటివాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, తుట్టె సంగతీ కేసు సంగతీ చెప్తాను గానీ, ముందు మీ అత్తగారి సంగతి చూడాలి. మీరు మధ్యలో ఒక్క మాటగా రాసి వదిలేశారు, నాకు మాత్రం మీ ఇంట్లో అసలు ప్రమాదం అక్కడే కనిపిస్తోంది.

ఒక్క కందిరీగ కుడితేనే ఒళ్లంతా దద్దుర్లు రావడం, కళ్లు తిరిగి పడిపోవడం విషం ఎక్కువై జరిగేది కాదు. అది తీవ్రమైన ఎలర్జీ. మేం అనాఫిలాక్సిస్ అంటాం. ఒకసారి ఇలా అయిన పెద్దవాళ్లలో, మళ్లీ కుట్టినప్పుడు మూడో వంతు నుంచి సగం మందికి పైగా అదే పరిస్థితి తిరిగి వస్తుంది. వచ్చిందంటే ఎక్కువ టైమ్ ఇవ్వదు. మామూలుగా అరగంట లోపలే పెదాలు, నాలుక వాయడం, ఆయాసం, పిల్లికూతలు, వాంతి, బీపీ పడిపోవడం మొదలవుతాయి. ఒక్కోసారి దద్దుర్లు కూడా కనిపించకుండా నేరుగా బీపీ పడిపోతుంది. అప్పుడు ప్రాణం నిలబెట్టే మందు అడ్రినలిన్ ఒక్కటే. పెద్దవాళ్లకి అర మిల్లీగ్రాము, తొడ మధ్యలో బయటి వైపు కండకి ఇస్తారు. తగ్గకపోతే అయిదు నిమిషాల తర్వాత మళ్లీ ఇస్తారు.

మన ఊళ్లలో జరిగేది వేరు. కందిరీగ కుట్టిందనగానే ఒక ఏవిల్, ఒక డెక్సా ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెడతారు. దురదకి అవి పనికొస్తాయి, కాదనను. కానీ ఊపిరి అందని మనిషికి, బీపీ పడిపోతున్న మనిషికి అవి అడ్రినలిన్‌కి బదులు కావు. ఇవి ఇచ్చాం కదా, చూద్దాం అని కూర్చుంటే విలువైన నిమిషాలు పోతాయి. అత్తగారికి మళ్లీ ఎప్పుడు కుట్టినా లక్షణాల కోసం ఎదురు చూడకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, కందిరీగ ఎలర్జీ అని ఆ మాటే చెప్పండి. ఆవిణ్ణి పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి. ఆయాసంగా ఉంటే ఆనుకుని కూర్చోనివ్వండి. లేపి నడిపించడం మాత్రం వద్దు, బీపీ పడిపోయిన మనిషిని హఠాత్తుగా నిలబెడితే గుండె ఆగిపోవచ్చు. తగ్గినట్టు కనిపించినా కొన్ని గంటలు ఆస్పత్రిలోనే ఉంచాలి, రెండోసారి తిరగబెట్టొచ్చు.

ఇక అటెనొలాల్. ఈ రకం బీపీ మాత్రలు వాడేవాళ్లలో అడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చు. అలాగని రేపటి నుంచి మాత్ర ఆపేయకండి, హఠాత్తుగా ఆపితే గుండెకి ముప్పు. ఈ వారంలోనే ఆవిణ్ణి ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లి పాత సంఘటన చెప్పండి. వేరే మందుకి మార్చొచ్చో లేదో ఆయన చూస్తారు. విదేశాల్లో ఎలర్జీ ఉన్నవాళ్లు అడ్రినలిన్ పెన్ను జేబులో పెట్టుకుంటారు. మన దగ్గర అది తేలిగ్గా దొరకదు. దాని బదులు అడ్రినలిన్ ఆంపూల్ (మందు ఉండే చిన్న గాజు సీసా), సిరంజి ఇంట్లో ఉంచుకుని ఎవరో ఒకరు వేయడం నేర్చుకోవచ్చా అని ఆ డాక్టరునే అడగండి. ఆయన చూపించి, చేయించి, సరే అన్నాకే.

మీవారిది వేరే కథ. కుట్టిన చోటు నుంచి చెయ్యంతా వాయడం ఎలర్జీ స్పందనే అయినా ప్రాణం మీదికి వచ్చేది కాదు. వాపు ఒకటి రెండు రోజులు పెరిగి, వారం పది రోజుల్లో మెల్లగా తీస్తుంది. ఎర్రగా, వేడిగా ఉంటుంది కాబట్టి చీము పట్టిందనుకుని యాంటిబయాటిక్ ఇచ్చేస్తారు. చాలాసార్లు దాని అవసరం ఉండదు. సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, చెయ్యి ఎత్తులో ఉంచి, సెట్రిజిన్, నొప్పికి పారాసిటమాల్ వేసుకుంటే సరిపోతుంది. ఉంగరం ఉంటే వాపు రాకముందే తీసేయండి. తగ్గాల్సిన రోజుల్లో నొప్పి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, చీము కనిపించినా అప్పుడు డాక్టరుకి చూపించాలి. ఇనుప ముక్కతో రుద్దితే నష్టం లేదు, లాభమూ లేదు. సున్నం మాత్రం రాయకండి, చర్మం కాలుతుంది. కంటి దగ్గరైతే చూపుకే ముప్పు.

కందిరీగ కుట్టినా ముల్లు వదలదు, ఒకటే మళ్లీ మళ్లీ కుట్టగలదు. తేనెటీగ అయితే ముల్లు వదిలి వెళ్తుంది. దాన్ని గోటితోనో, దేనితోనో వెంటనే లాగేయడమే ముఖ్యం, ఎలా లాగామన్నది కాదు.

ఎలర్జీ లేనివాళ్లకీ రెండు సందర్భాల్లో ఆలస్యం పనికిరాదు. ఒకటి, నోట్లోనో గొంతులోనో కుట్టడం. కల్లు ముంత చుట్టూ, తెరిచి పెట్టిన కూల్‌డ్రింకు చుట్టూ కందిరీగలు మూగుతాయి కదా, చూసుకోకుండా తాగితే గొంతు వాచి ఊపిరి మూసుకుపోతుంది. రెండోది, గుంపుగా కుట్టడం. పెద్దవాళ్లకి పదుల సంఖ్యలో, పిల్లలకి అంతకంటే తక్కువ కాట్లు పడినా, విషం కండరాలని, రక్తకణాలని దెబ్బతీసి ఒకటి రెండు రోజుల్లో కిడ్నీల మీద పడొచ్చు. మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా, తగ్గిపోయినా డయాలసిస్ ఉన్న ఆస్పత్రికే వెళ్లాలి. పాము కాటుకి ఇచ్చే విరుగుడు దీనికి పనిచేయదు, దాని కోసం తిరగకండి.

ఇప్పుడు తుట్టెల దగ్గరికి వద్దాం. చూరు కింద తామరకాయలా గదులన్నీ తెరిచి కనిపిస్తూ వేలాడుతుంటే అది మామూలు కందిరీగలది. వాటి జోలికి వెళ్లనంత వరకు సాధారణంగా ఊరుకుంటాయి. సంక్రాంతి ముందు బూజుకర్రతో ఇల్లు దులిపేటప్పుడే ఎక్కువమందిని కుడతాయి. గోడకి మట్టితో గూడు కట్టేవి ఒంటరివి, అవి కుట్టడం అరుదు. సాలీళ్లనో పచ్చపురుగులనో పట్టి తెచ్చి పిల్లలకి దాచిపెడతాయి, వాటిని అలా వదిలేయండి. కొబ్బరిచెట్టు మీద చుట్టూ పొర కప్పి, ఒక్క కన్నం వదిలిన గుండ్రటి గూడు మాత్రం పెద్ద కందిరీగలది. నల్లటి ఒంటి మీద వెడల్పాటి పసుపు పట్టీ ఉండేది మన వైపు కనిపిస్తుంది. వీటితో ఆటలొద్దు.

కొబ్బరి ప్రాంతం వాళ్లు వీటిని పూర్తిగా శత్రువులుగా చూడటం నాకు కొంచెం విడ్డూరంగానే ఉంటుంది. కొబ్బరి ఆకుని తినేసే నల్లతల పురుగు మీద వదలడానికి అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానంలో పెంచే బ్రాకాన్, గోనియోజస్ ఏమిటనుకుంటున్నారు? కందిరీగల జాతిలోని చిన్న పురుగులే. వరిలో పురుగుల మీద కట్టే ట్రైకోగ్రామా కార్డుల్లో ఉండేవీ అంతే. మీ చూరు కింద ఉన్నవి కూడా పెరట్లో గొంగళిపురుగులని ఏరి పిల్లలకి పెడతాయి.

అయినా సరే, అత్తగారు రోజూ నడిచే దారిలో ఉన్న తుట్టెని తీయించాల్సిందే. ఇందులో పాపభీతి అక్కర్లేదు. అదే పశువులపాక వెనకో, ఎవరూ వెళ్లని మూలో ఉంటే వదిలేయమనేవాణ్ణి.

కేసు గురించి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇళ్ల దగ్గర కట్టే మామూలు కందిరీగలు దాని రక్షిత జాబితాల్లో లేవు. మీ సొంత ఇంటి చూరు కింది తుట్టెని తీయించుకున్నందుకు కేసు ఉండదు. అభయారణ్యం హద్దు లోపలైతే లెక్క మారుతుంది. అక్కడ జాబితాతో పని లేదు. అనుమతి లేకుండా ఏ వన్యజీవినీ నాశనం చేయకూడదు, అడవికి ముప్పు వచ్చేలా నిప్పు పెట్టకూడదు, జీవులకి హాని చేసే రసాయనాలు వాడకూడదు. కోరంగిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, మడ అడవితో కలిపి 235 చదరపు కిలోమీటర్లు. కాలువ వైపు కొబ్బరిచెట్టు మీ పట్టా భూమిలోనే ఉందా, హద్దు దాటిందా అన్నది అటవీ సిబ్బందిని ఒక మాట అడిగి తేల్చుకోండి. పక్కింటివాళ్ల మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు.

హద్దు ఎక్కడున్నా నిప్పు మాత్రం వద్దు. చూరు కింద వాసాలు, చెట్టు మీద ఎండు మట్టలు, చేతిలో కిరోసిన్. కుట్టించుకుని గెడ వదిలేస్తే అది ఎక్కడ పడుతుందో మీరే ఊహించుకోండి. కందిరీగలు కుట్టినవాళ్ల కంటే తుట్టెలు తగలబెట్టబోయి ఒళ్లు కాల్చుకున్నవాళ్లని చూడటమే నాకు ఎక్కువ బాధ. పొలం మందు కొట్టడం ఇంకా తప్పు. తలపైకి కొట్టిన మందు తిరిగి మొహం మీదే పడుతుంది. నోటి వెంట చొంగ, చెమటలు, కంటిపాప సూదిమొనంత అయిపోవడం మొదలైతే అది కందిరీగ విషం కాదు, మీ మందే. పైగా కాలువ పక్కన సైపర్‌మెత్రిన్ లాంటి పురుగుమందు కొడితే చేపలు, రొయ్యలు పోతాయి. చెరువులున్న మీ వైపు వాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు.

తీయించడానికి దగ్గర్లోని అగ్నిమాపక కేంద్రాన్నో, ఒళ్లంతా కప్పే దుస్తులున్న పెస్ట్ కంట్రోల్ వాళ్లనో అడగండి. పురుగులన్నీ గూటికి చేరాక, చీకటి పడ్డాక చేస్తారు. ఆ రాత్రికి అత్తగారిని చుట్టాలింటికి పంపండి. తర్వాత ఒకటి రెండు రోజులు బయట మిగిలిపోయినవి అక్కడే తిరుగుతాయి, ఆవిణ్ణి అటు రానివ్వకండి. ఆపైన చూరు కన్నాలు పూడ్చి, బాత్‌రూమ్ కిటికీకి వల బిగించండి. చేపల వ్యర్థాలు, మగ్గిన పళ్లు మూత లేకుండా వదలకండి. ఎప్పుడైనా వెంటపడితే మొహం కప్పుకుని ఇంట్లోకి పరుగెత్తి తలుపు వేసుకోవాలి. కాలువలోకి దూకకండి, తల పైకి తీసేవరకు పైనే తిరుగుతుంటాయి. ఈత రానివాళ్లకి అది వేరే గండం.

కొబ్బరిచెట్టు మీద గూడు ఇంటికి దూరంగా, ఎత్తులో ఉంటే ప్రస్తుతానికి కదపకండి. పిల్లలు రాళ్లు వేయకుండా చూసుకోండి. కాయల దింపుకి వచ్చే మనిషికి చెట్టెక్కకముందే ఆ గూడు చూపించండి. అంత ఎత్తున నాలుగు కుడితే పట్టు వదిలి పడిపోతాడు. ఆ ఒక్క చెట్టుకీ, దానికి ఆనుకుని ఉన్న చెట్లకీ ఈ విడత దింపు మానేయండి.