వ్యాయామ తరగతిలో చీలమండ ఎందుకు అంత తరచుగా బెణుకుతుంది?

పిల్లలకు చీలమండ బెణికినప్పుడు పాదం ఎక్కువసార్లు లోపలికే ఎందుకు మడతపడుతుందని, దాన్ని ముందుగానే నివారించగలమా అని అడిగారు. కారణం కీలు నిర్మాణంలోనే ఉంది. మోకాలి కింద కాలిలో ఉండే టిబియా, ఫిబులా ఎముకల కింది చివరలు పాదం పైభాగాన ఉండే టాలస్ అనే ఎముకను పట్టకారులా ఇరువైపులా పట్టి ఉంచుతాయి. లోపలి వైపున్న డెల్టాయిడ్ లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే గట్టి పట్టీ) వెడల్పుగా, దృఢంగా ఉంటుంది. బయటి వైపున్న మూడు లిగమెంట్లలో ముందున్నది అన్నిటికంటే బలహీనమైనది. పైగా టాలస్ ముందు భాగం వెనుక భాగం కంటే వెడల్పు కాబట్టి, ఎగిరి మునివేళ్ల మీద దిగేటప్పుడు దాని ఇరుకు భాగం పట్టులోకి వచ్చి కీలు కొంత వదులవుతుంది. ఆ క్షణంలో పాదం లోపలికి ఒరిగితే భారమంతా ఆ ముందరి లిగమెంటు మీదే పడుతుంది.

ఈ ఒరుగుదలను అడ్డుకునేవి పిక్క బయటి వైపున ఉండే పెరోనియల్ కండరాలు. అవి సమయానికి స్పందించాలంటే ఒంటికాలిపై నిలబడే సాధన చేయించాలి, మోకాళ్లు వంచి మెత్తగా దిగడం నేర్పాలి. ఆటకు ముందు కదలకుండా చేసే సాగదీతల కన్నా నెమ్మదిగా పరుగెత్తడం, పక్క అడుగులు వేయడం మేలని నా అభిప్రాయం. ఒకసారి బెణికిన కాలు మళ్లీ బెణికే అవకాశం ఎక్కువ గనుక, అలాంటి పిల్లల చేత ఈ సాధనను అసలు మాన్పించకూడదు.

ఎదిగే వయసులో ఎముక చివరనుండే పెరుగుదల ఫలకం (ఎముక పొడవు పెరిగే మెత్తటి భాగం) లిగమెంటు కంటే బలహీనంగా ఉండవచ్చు. అందుచేత ఎముక మీద నొక్కితే నొప్పి పుట్టినా, నాలుగు అడుగులు వేయలేకపోయినా, దాన్ని మామూలు బెణుకుగా భావించక వెంటనే వైద్యుడికి చూపించాలి.