అమ్మలూ, ముందు నీళ్లు పిండు

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. మొత్తానికి ఓవెన్ కొన్నావన్నమాట, మంచి పని చేశావు. కేకులో వేసిన పండ్ల ముక్కలన్నీ అడుక్కి దిగిపోయాయనీ, టొమాటో టార్ట్‌లో ముక్కల కింద గిన్నెలా పరిచిన పిండి ముద్దముద్దగా ఉండిపోయిందనీ రాశావు. ‘మంచి రెసిపీలు ఉంటే పంపు పెద్దమ్మా’ అని చివర్లో ఒక మాట. రెసిపీలు నా దగ్గరున్న వాటికంటే నీ ఫోన్లోనే ఎక్కువుంటాయి. నీ రెండు వంటలనీ చెడగొట్టింది నీళ్లు. అందుకే కొలతల సంగతి కాస్త పక్కన పెట్టి వాటి గురించే రాస్తున్నాను.

టొమాటో, కీరదోస, సొరకాయ లాంటి వాటిలో నూటికి 95 పాళ్లు నీళ్లే. పాలకూర, గుమ్మడి, స్ట్రాబెర్రీల్లో 91 దాకా. యాపిల్, మామిడి 85కి కాస్త అటూఇటూ. అరటిపండే నయం, 75. ఇవన్నీ వేడికి నీళ్లు వదులుతాయి. ఆ నీళ్లు ఆవిరై పోవాలి, లేదంటే దేనికైనా పట్టుకోవాలి. రెండూ జరగకపోతే పక్కనున్న పిండిలోకి దిగుతాయి. పైగా సీజన్ మొదట్లో దొరికే పండు గట్టిగా, పుల్లగా ఉంటుంది, చివర్లో అదే పండు రసం కారుతూ తియ్యగా ఉంటుంది. రెసిపీ రాసినవాళ్లకి నీ చేతిలో ఉన్న పండు ఎలాంటిదో ఎలా తెలుస్తుంది చెప్పు? అది నువ్వే నొక్కి, వాసన చూసి, ఒక ముక్క నోట్లో వేసుకుని తేల్చుకోవాలి.

ముందు నీ టార్ట్ సంగతి. టొమాటోని చక్రాల్లా తరిగి, పొడిగుడ్డ మీద పరిచి, పైన ఉప్పు చల్లి 20 నిమిషాలు వదిలెయ్. తర్వాత గుడ్డ ఎత్తి చూడు, కింద పళ్లెం దాకా తడిసిపోయి ఉంటుంది. ఆ తడంతా మొన్న నీ పిండిలోకే దిగింది. పైనుంచి ఇంకో గుడ్డతో అద్ది అప్పుడు వాడుకో. ఉప్పు అప్పటికే పట్టి ఉంటుంది కాబట్టి మళ్లీ వెయ్యకు. తీరిక ఉన్న రోజైతే ఇంకా మంచి పద్ధతి ఉంది. కాయల్ని సగానికి కోసి, కోసిన వైపు పైకి వచ్చేలా ట్రేలో పెట్టి, 120 డిగ్రీల్లో రెండు గంటలు ఉంచు. అంచులు ముడతలు పడి, నడుమ ఇంకా మెత్తగా ఉన్నప్పుడు తీసెయ్. చప్పటి కాయ కూడా చిక్కబడి తీపి, పులుపు రెండూ తేలతాయి. వీటిని బ్రెడ్ పిండిలో గుచ్చినా, టార్ట్‌లో పేర్చినా ఏ గొడవా ఉండదు.

ఆకుకూర పని ఇంకా తేలిక. బాణలిలో మూత లేకుండా వాడ్చి, చల్లారాక గుప్పిట్లో పట్టి పిండు. పిండాననుకున్నాక మరోసారి పిండు, తప్పకుండా ఇంకో రెండు చెంచాల పచ్చనీళ్లు కారతాయి. పెద్ద కట్ట కాస్తా చివరికి గుప్పెడంత అవుతుంది, చూసి కంగారుపడకు. సొరకాయ తురిమి ఉప్పు కలిపి పది నిమిషాలు ఆగి పిండెయ్. పుట్టగొడుగులు నూనె లేకుండా వేడి పెనం మీద వేస్తే ముందు నీళ్లు వదులుతాయి. అవి ఇగిరి, ముక్కలు పెనానికి రాసుకుంటున్న చప్పుడు వచ్చాక అప్పుడు నూనె వెయ్యి. గుమ్మడికాయని మాత్రం ఉడకబెట్టకు. ముక్కలుగా కోసి 200 డిగ్రీల ఓవెన్‌లో అంచులు గోధుమ రంగు తిరిగేదాకా కాల్చి మెదిపితే గుజ్జు చిక్కగా వస్తుంది, తీపి కూడా పెరుగుతుంది. ఇక ఉల్లిపాయ. ఐదు నిమిషాల్లో ముదురు గోధుమ రంగు వస్తుందని రాసేవాళ్లు ఎక్కడ వేయించారో నాకు అర్థం కాదు. తియ్యగా, జామ్ లాగా కావాలంటే సన్నమంట మీద 40 నిమిషాలన్నా పడుతుంది.

టార్ట్ పిండి కూడా చూద్దాం. వెన్న చల్లగా, గట్టిగా ఉండాలి. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది, అంటే మన చేతి వేడికే కరిగిపోతుందన్నమాట. అందుకే వేలికొసలతో గబగబా కలిపి, పిండిని అరగంట ఫ్రిజ్‌లో పెట్టమంటారు. వెన్న ముక్కలు పిండిలో ముక్కలుగానే మిగిలితే, ఓవెన్ వేడికి అందులోని కొద్దిపాటి నీరు ఆవిరై పొరల్ని పైకి లేపుతుంది. ముందే కరిగిపోతే పొరలు రావు, గట్టి బిస్కెట్ లాగా తయారవుతుంది.

పిండిని టిన్నులో పరిచాక ఫోర్కుతో అక్కడక్కడా గుచ్చి, మీద బటర్ పేపర్ వేసి, ఎండు బీన్స్ గింజలు నిండుగా పోసి, 190 డిగ్రీల్లో 15 నుంచి 20 నిమిషాలు కాల్చు. ఆ బరువు లేకపోతే అడుగు ఉబ్బుతుంది, పక్కలు జారిపోతాయి. తర్వాత గింజలు, పేపర్ తీసేసి, అడుగు పొడిగా కనిపించేదాకా మరో ఎనిమిది పది నిమిషాలు ఉంచు. వేడిగా ఉండగానే గుడ్డు తెల్లసొన పల్చగా పూసి రెండు నిమిషాలు మళ్లీ లోపల పెడితే తడి దిగకుండా పొర కడుతుంది. గుడ్డు వాడనంటే చీజ్ తురుము గానీ, బ్రెడ్ పొడి గానీ, కొంచెం రవ్వ గానీ అడుగున చల్లు. ఆ గింజలు మళ్లీ వండుకోడానికి పనికిరావు, డబ్బాలో వేసి ఈ పనికే ఉంచుకో. టార్ట్ అయ్యాక నాకు ఫోటో పంపు. పైభాగం కాదు, గరిటెతో లేపి అడుగుభాగం చూపించు.

గుడ్లు, పాలు, క్రీమ్ కలిపి కూరముక్కల మీద పోసే టార్ట్ అయితే ఎప్పుడు దించాలన్నదే అసలు చిక్కు. టిన్ను కొంచెం కదిపితే అంచులు నిలబడి, నడుమ మాత్రం జెల్లీలా వణకాలి. లోపలి వేడి 75 నుంచి 80 డిగ్రీలు చాలు. అది దాటితే గుడ్డు బిగుసుకుని మళ్లీ నీళ్లు కక్కుతుంది. అంత కష్టపడి పిండిందంతా వృథా.

పిండి లోపల పండ్లు నింపి కాల్చే ‘పై’ చేసేటప్పుడు నేను నమ్ముకునే పద్ధతి ఒక్కటే. ముక్కలకి చక్కెర, కాస్త నిమ్మరసం కలిపి అరగంట వదిలెయ్యి. చక్కెర రసాన్ని బయటికి లాగుతుంది. జల్లెడలో వంపి, ఆ రసాన్ని మాత్రం గిన్నెలో సగానికి మరిగించు. సువాసనంతా అందులోనే ఉంటుంది, పారబోయకు. చల్లారాక ముక్కల్లో కలిపి, కార్న్‌ఫ్లోర్ చేర్చి అప్పుడు పిండిలో నింపు. కార్న్‌ఫ్లోర్ పూర్తిగా చిక్కబడాలంటే దాదాపు మరిగేంత వేడి, అంటే 95 డిగ్రీల దాకా కావాలి. అందుకే అంచుల్లో బుడగలు వస్తే సరిపోదు, నడుమ కూడా కుతకుతమనాలి. పైన ముందే మాడుతుంటే ఫాయిల్ కప్పు, అంతేగానీ బయటికి తీయకు. తీశాక కనీసం మూడు గంటలు కత్తి పెట్టకు. చల్లారేటప్పుడే లోపలి రసం గట్టిపడుతుంది. వేడివేడిగా కోసి, రసమంతా కారిపోతోందని గోల పెడితే నేనేం చెయ్యను?

కేకులో ముక్కలు దిగిపోవడానికి మందు మైదాలో దొర్లించడమని అందరూ చెప్తారు. పిండి పల్చగా ఉంటే అది పెద్దగా పనిచెయ్యదు. ముక్కలు చిన్నగా, బఠాణీ గింజంత తరుగు. పిండి చెంచాతో తీస్తే ముద్దగా పడేలా ఉండాలి, ధారగా కారితే పల్చనైపోయినట్టే. ముందు సగం పిండి ఉత్తిదే టిన్నులో వేసి, మిగతా సగంలో పండు కలిపి పైన వెయ్. మామిడి, స్ట్రాబెర్రీ లాంటి వాటిని గుజ్జుగా వాడాలనుకుంటే దగ్గరపడేదాకా సన్నమంట మీద కలుపుతూ ఉడికించు. పచ్చి గుజ్జు వేస్తే కేకు తడిగా ఉంటుందే తప్ప పండు రుచి రాదు. మైదా వేశాక ఎక్కువ తిప్పకు. చిన్న చిన్న ఉండలు మిగిలినా ఫర్వాలేదు, ఎక్కువ కలిపితే కేకు సాగుతుంది.

చక్కెర గురించి నీకు టెన్షన్ ఉందని తెలుసు. పండు బాగా మాగి ఉంటే నాలుగోవంతు దాకా తగ్గించు, అంతకంటే వద్దు. చక్కెర తీపి కోసమే కాదమ్మా, కేకుని మెత్తగా, తేమగా ఉంచేది, పైన రంగు తెచ్చేది కూడా అదే.

వంటసోడా, బేకింగ్ పౌడర్ ఒకటి బదులు ఇంకొకటి వాడకు. సోడాకి పులుపు తోడుండాలి, పెరుగో నిమ్మరసమో పుల్లటి పండో. కప్పు మైదాకి పావు టీస్పూన్ చాలు. బేకింగ్ పౌడర్‌లో పులుపు ముందే కలిసి ఉంటుంది, అది కప్పుకి ఒక టీస్పూన్. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. బ్లూబెర్రీలు, క్యారెట్ తురుము చుట్టూ ఆకుపచ్చ మచ్చలు కనిపించినా కారణం అదే. తింటే ఏమీ కాదు గానీ చూడ్డానికి బాగోదు. కప్పులంటే గుర్తొచ్చింది, ఒక చిన్న వేయింగ్ మెషీన్ కొనుక్కో. చెంచాతో పోసి సమం చేస్తే కప్పు మైదా 120 గ్రాములు, సంచిలో ముంచి తీస్తే అదే కప్పు 150 దాకా తూగుతుంది. కేకులు పిడచ కట్టడానికి సగం కారణం ఇక్కడే.

అనాస, బొప్పాయి, కివీ పండ్లని పచ్చిగా క్రీమ్‌లో గానీ, జెల్లీ గట్టిపడటానికి వేసే జెలటిన్‌లో గానీ కలపకు. వాటిలోని ఎంజైములు జెలటిన్‌ని గట్టిపడనివ్వవు, పాలలో కలిస్తే చేదు తెస్తాయి. కొన్ని నిమిషాలు ఉడికిస్తే ఆ బాధ పోతుంది. నిమ్మ, నారింజ తొక్కు రంగున్నంత వరకే తురుము, కింది తెల్లభాగం చేదు. ఆ తురుముని చక్కెరలో వేసి వేళ్లతో బాగా నలుపు. చక్కెర తడితడిగా మారి వంటిల్లంతా వాసనొస్తుంది. ఏ ఎసెన్సూ దానికి సాటి రాదు.

ఈస్ట్ బ్రెడ్ గురించి విడిగా రాయాలి, ప్రస్తుతానికి కాస్త చెప్తాను. సీజన్ కూరల్లోనే కాదు, పిండిలో కూడా తెలుస్తుంది. ఎండాకాలం చల్లటి నీళ్లతో కలుపు, లేదంటే చూస్తుండగానే పొంగి పులిసిపోతుంది. చలికాలం గోరువెచ్చటి నీళ్లు పోసి, గడియారం వైపు చూడకుండా పిండి రెట్టింపు అయ్యేదాకా ఆగు. నీళ్లు చేతికి వేడిగా తగిలితే వద్దు, 60 డిగ్రీల దగ్గర ఈస్ట్ చచ్చిపోతుంది. ఉప్పు మైదా బరువులో నూటికి రెండు పాళ్లు. దాల్చినచెక్క పొడి పిండిలో ఎక్కువగా కలిపితే పొంగు మందగిస్తుంది, లోపల పెట్టే పూర్ణంలో వేసుకో. రోజ్‌మేరీ లాంటి గట్టి ఆకులు పిండిలో కలపొచ్చు. కొత్తిమీర, తులసి లాంటి మెత్తటివి ఓవెన్ నుంచి తీశాకే చల్లాలి, లోపల పెడితే నల్లబడతాయి.

ఓవెన్ బటన్ మీద అంకెల్ని గుడ్డిగా నమ్మకు. ఇళ్లలో వాడే ఓవెన్లు పది ఇరవై డిగ్రీలు అటూఇటూ ఉండటం మామూలే. లోపల వేలాడదీసే థర్మామీటర్ ఒకటి తెచ్చుకో. లైటు ఆరగానే ట్రే తోసెయ్యకుండా ఇంకో పది నిమిషాలు వేడెక్కనివ్వు. ఫ్యాన్ తిరిగే ఓవెన్ అయితే రెసిపీలో ఉన్నదానికి 20 డిగ్రీలు తగ్గించు. నల్లటి టిన్ను త్వరగా కాలుతుంది, కనిపెట్టుకుని ఉండు.

గుడ్లు, కూరగాయలు వేసిన టార్టులు, పైలు బయట రెండు గంటలకి మించి ఉంచకు, ఫ్రిజ్‌లో పెట్టెయ్. మర్నాడు మైక్రోవేవ్‌లో కాకుండా ఓవెన్‌లోనే వేడి చెయ్, కరకర తిరిగొస్తుంది. బ్రెడ్ మాత్రం ఫ్రిజ్‌లో పెడితే బయటకంటే తొందరగా గట్టిపడుతుంది. ముక్కలు కోసి నేరుగా ఫ్రీజర్‌లో పెట్టుకో. చవగ్గా వచ్చాయని పండ్లు ఎక్కువ కొన్నావనుకో, తరిగి ట్రే మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి గడ్డకట్టాక సంచిలోకి మార్చు. వాడేటప్పుడు కరగనివ్వకుండా అలాగే పిండిలో కలుపు, కాలే టైమ్ ఐదారు నిమిషాలు పెంచు.

పెద్దమ్మ