ఈత కొలను అంచున పేరుకునే తెల్లని పొర: చూడవలసింది టైల్స్‌ను కాదు, నీటిని

పెరటిలోని ఈత కొలను అంచు టైల్స్ మీద పేరుకునే తెల్లని పొరను ఎలా వదిలించాలి, మళ్లీ రాకుండా ఏం చేయాలి అని అడిగారు. అరిజోనాలో ఫీనిక్స్ నగరం పక్కనున్న చాండ్లర్‌లో ఉంటున్న మాకు ఇది ఏటా ఎదురయ్యే సమస్యే కాబట్టి గట్టిగానే చెబుతున్నాను: నీటిని సరిచేయకుండా టైల్స్‌ను ఎంత శుభ్రం చేయించినా ఆ డబ్బు వృథాయే.

కొన్నేళ్ల క్రితం, చేయి వేస్తే గరుకుగా తగిలేంతగా పొర కట్టినప్పుడు, ఈ పనిలో పేరున్న ఒక సంస్థ వారిని పిలిచాము. వారు నీటి మట్టాన్ని టైల్స్ కిందికి దించి, సన్నని గాజు పూసలను గాలి ఒత్తిడితో చిమ్మి, మధ్యాహ్నానికల్లా మా నీలం టైల్స్‌ను కొత్తవాటిలా మెరిపించారు. అయితే అంత సొమ్ము తీసుకున్నవారు నీటిని ఒక్కసారైనా పరీక్షించలేదు. సాయంత్రం నేను పరీక్షించగా పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 8.2, కాల్షియం, అంటే నీటిలో కరిగిన సున్నం, 600 పీపీఎంకు (పది లక్షల పాళ్లలో 600 పాళ్లకు) పైగా ఉన్నాయి. రెండూ ఎక్కువే. దసరా నాటికి అదే చోట అదే తెల్లని గీత తేలింది. రోగం మాట ఎత్తకుండా పైపూత పూసి వెళ్లిపోయే ఈ పద్ధతి నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

కొలరాడో, సాల్ట్ నదుల నుంచి కాలువల్లో వచ్చే ఇక్కడి నీటిలో సున్నం మొదటి నుంచీ ఎక్కువే. ఎండకు నీరు ఆవిరైపోతుంది కానీ సున్నం కొలనులోనే మిగిలిపోతుంది. తగ్గిన నీటిని నింపిన ప్రతిసారీ మరికొంత వచ్చి చేరుతుంది. నీరు వేడెక్కినా, పీహెచ్ పెరిగినా అది కరిగి ఉండలేక టైల్స్‌కు అంటుకుంటుంది. అందుకే అందం కోసం కొలనుకు కృత్రిమ జలపాతం పెట్టించుకోవడాన్ని నేను సమర్థించను: నీరు చిందుతున్నకొద్దీ అందులోని కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసి పీహెచ్ పైకి పోతుంది. అసలే కాల్షియం ఎక్కువైన నీటిలో కాల్షియం హైపోక్లోరైట్ అనే క్లోరిన్ పొడి కుమ్మరించమనే దుకాణదారుల సలహా ఇంకా దారుణం. ద్రవ రూపంలో దొరికే క్లోరిన్‌తో ఆ బెడద ఉండదు.

ఇప్పటికే కట్టిన పొర మీద ఒక చుక్క మ్యూరియాటిక్ ఆసిడ్ (హైడ్రోక్లోరిక్ ఆమ్లం) వేసి చూడండి. నురగ వస్తే అది కాల్షియం కార్బొనేట్, అంటే మామూలు సున్నపు పొర. తడిపిన ప్యూమిస్ రాయితో (రంధ్రాలుండే తేలికైన అగ్నిపర్వత శిలతో) ఓపికగా రుద్దితే వదులుతుంది, కానీ గాజు టైల్స్ మీద, ఫైబర్‌గ్లాస్ మీద ఆ రాయి గీతలు పెడుతుంది. నురగ రాకపోతే అది సిలికేట్ అనే మరింత గట్టి పొర కావచ్చు, దానిని నిపుణులకే వదిలేయడం మేలు. ఆసిడ్‌ను పలచన చేయవలసి వస్తే నీటిలో ఆసిడ్ పోయాలే తప్ప ఆసిడ్‌లో నీరు పోయకూడదు, క్లోరిన్ దరిదాపులకు అసలే తీసుకుపోకూడదు. ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది.

ఆపైన వారం వారం పరీక్షిస్తూ పీహెచ్‌ను 7.4, 7.6 మధ్య, ఆల్కలినిటీని (పీహెచ్‌ను నిలకడగా ఉంచే క్షార గుణాన్ని) 80 పీపీఎం దగ్గర నిలపండి. కాల్షియం 400 పీపీఎంను బాగా దాటిపోతే, కొంత నీరు తీసి కొత్త నీరు నింపడం నమ్మదగిన దారి. ఆ పనిని మాత్రం శీతాకాలంలోనే పెట్టుకోండి. ఫీనిక్స్ చుట్టుపక్కల వేసవి ఎండలో ఖాళీ కొలను గోడల ప్లాస్టర్ పగుళ్లు తీస్తుంది.