కవలల కాన్పు: అనుభవమున్న మిడ్‌వైఫ్ కోసం ఎంత పక్కన పెట్టాలి?

ప్రశ్న: సార్, మాది విశాఖపట్నం గాజువాక. నాకు 29 ఏళ్లు, మొదటి కాన్పు. ఇప్పుడు 15వ వారం, కవలలు. రిపోర్టులో మాయ ఒకటే, ఉమ్మనీటి సంచులు రెండు అని రాశారు. నేను మధురవాడలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తాను, జీతం 38,000. మావారు పరవాడ ఫార్మాసిటీలో చేస్తారు, 48,000. ఇంటి లోను 23,500, చిట్టీ 15,000, మ్యూచువల్ ఫండ్ సిప్ 6,000, ఇంటి ఖర్చులు, అత్తయ్యవాళ్లకి పంపేది కలిపి 33,000 పోతుంది. చిట్టీ 3 లక్షలది, 20 నెలలు, 11 కట్టాం. పోయిన నెల 2,55,000కి పాడారు. ఎఫ్‌డీ 1,80,000 ఉంది. మా కంపెనీ ఇన్సూరెన్స్ 3 లక్షలు, అందులో కాన్పుకి 50,000 ఇస్తారు.

అనుభవమున్న మిడ్‌వైఫ్ (కాన్పు చేయడంలో శిక్షణ పొందిన నర్సు) చేతుల్లోనే కాన్పు కావాలని నా కోరిక. ఆరిలోవ హెల్త్ సిటీ వైపు ఒక ఆసుపత్రిలో మిడ్‌వైఫ్‌లు ఉన్నారు. సిజేరియన్ అయితే 1,30,000, కవలలకి అదనంగా 25,000, పిల్లల్ని ఐసీయూలో పెడితే ఒక్కో బిడ్డకి రోజుకి 10,000 దాకా అవుతుందన్నారు. స్కానింగ్ 2,200. మా వీధి నర్సింగ్‌హోంలో మొత్తం 70,000 అంటున్నారు, పిల్లల ఐసీయూ లేదు. అమ్మ నరసన్నపేట వచ్చేయమంటోంది. అక్కడ రిటైరైన సిస్టరమ్మ ఒకావిడ ఇంట్లోనే పురుడు పోస్తానంటున్నారు, 15,000 ఇస్తే చాలట. పర్సనల్ లోను 14 శాతానికి ఇస్తామంటున్నారు. తీసుకుని పెద్దాసుపత్రికి వెళ్లనా? మా పెదనాన్నగారి ఇల్లు హనుమంతవాకలో ఉంది.

జవాబు: అమ్మా, ఆరిలోవకే వెళ్లండి. లోను మాత్రం వద్దు. కావాల్సిన డబ్బు మీ దగ్గరే ఉంది, అది సరైన వారానికి చేతికందేలా ఇప్పటి నుంచే కదపాలి.

ముందు మీ రిపోర్టులోని ఆ ఒక్క వాక్యం గురించి. వైద్యం మీ డాక్టరు చెప్పాలి, నేను డబ్బు లెక్క చెప్పేవాడిని. కానీ ఆ వాక్యాన్ని వదిలేసి లెక్క వేయలేను. ఇద్దరు బిడ్డలూ ఒకే మాయ పంచుకుంటుంటే, దానిలోని రక్తనాళాల ద్వారా ఒక బిడ్డకి రక్తం ఎక్కువ, ఇంకో బిడ్డకి తక్కువ వెళ్లే ప్రమాదం ఉంటుంది. ఇలాంటి గర్భాల్లో నూటికి 10 నుంచి 15 మందిలో ఇది కనిపిస్తుంది. అందుకే 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కానింగ్ చేస్తారు. మాయలు వేరువేరుగా ఉన్న కవలలకైతే నెలకోసారి సరిపోతుంది. అంతా సవ్యంగా సాగినా మీలాంటివారికి 36వ వారం దగ్గర కాన్పు చేసేస్తారు, 40 దాకా ఆగరు. సగానికి పైగా కవలలు 37 వారాలు నిండకుండానే పుడతారు. అంటే మీకున్నది ఐదు నెలలే. చుట్టుపక్కల వాళ్లు చెప్పే తొమ్మిది నెలల లెక్క పెట్టుకోకండి.

ఈ లెక్కలో నరసన్నపేట ఇంటి పురుడు కుదరదు. ఆ సిస్టరమ్మ అనుభవం మీద నాకు అనుమానం లేదు. మన జిల్లాల్లో ఒక తరం అలాంటివాళ్ల చేతుల మీదుగానే భూమ్మీద పడింది. కానీ మొదటి బిడ్డ పుట్టాక రెండో బిడ్డ అడ్డం తిరిగినా, ఇద్దరిని మోసి సాగిన గర్భసంచి సరిగ్గా ముడుచుకోక రక్తం పోవడం మొదలైనా కావాల్సింది ఆపరేషన్ థియేటరు, రక్తం, మత్తు డాక్టరు. అవి నిమిషాల్లో అందాలి, అంబులెన్స్‌లో శ్రీకాకుళం దాకా వెళ్లే వ్యవధి ఉండదు. మీ వీధి నర్సింగ్‌హోం విషయంలోనూ నా భయం ఇదే. అక్కడ మిగిలే డబ్బు, పుట్టిన ఇద్దరు పసికందుల్ని అర్ధరాత్రి రెండు ఇంక్యుబేటర్లలో ఎన్ఏడీ జంక్షన్ మీదుగా ఇంకో ఆసుపత్రికి తరలించాల్సి వస్తే ఒక్క పూటలో పోతుంది. డబ్బు పోతే పోయింది, తల్లి ఒకచోట, పిల్లలు ఇంకోచోట అవుతారు.

ఇక మిడ్‌వైఫ్ సంగతి. మీ కోరిక సరైనదే, దానికి డబ్బు పెట్టండి అనే నేనూ అంటాను. కాకపోతే మిడ్‌వైఫ్‌లే సొంతంగా నడిపించే కాన్పులు మామూలు గర్భాలకి. మన దేశంలో 2018లో మిడ్‌వైఫరీ సేవలకి మార్గదర్శకాలు వచ్చాయి. నర్సులకి 18 నెలల ప్రత్యేక శిక్షణ ఇచ్చే పద్ధతి వాటిలోనే ఉంది. ఆ సేవలు కూడా రిస్క్ లేని గర్భాలను ఉద్దేశించినవే. కవలలకి డాక్టరు ముందుండాలి, మిడ్‌వైఫ్ పక్కన ఉండాలి. ఆవిడ పక్కన ఉండటం చిన్న విషయం కాదు.

మా చెల్లెలికి కవలలు 34వ వారంలో పుట్టారు. ఇద్దరినీ ఐసీయూకి తీసుకెళ్లిపోయారు, ఇది వార్డులో ఒంటరిగా పడుకుని ఏడుస్తోంది. రాత్రి 2 గంటలప్పుడు ఒక పెద్ద సిస్టర్ వచ్చి మంచం మీద కూర్చుంది. గోరువెచ్చటి గుడ్డ వేసి, వేళ్లతో ఎలా నొక్కాలో చూపించి, ముర్రుపాలు చుక్క చుక్కగా చిన్న సిరంజిలోకి తీయించింది. గంటసేపు కష్టపడితే వచ్చింది 2 మిల్లీలీటర్లు. దాన్ని రెండు సిరంజిల్లోకి సమానంగా పంచి, ఒక్కోదాని మీద ఒక్కో బిడ్డ నంబరు రాసి ఆవిడే పైకి పట్టుకెళ్లింది. ఆ సిస్టర్ ఫీజు ఏ బిల్లులోనూ విడిగా కనబడలేదు. డీలక్స్ గదికి మాత్రం రోజుకింత అని పడింది. ఆరోజు నుంచి కాన్పు బడ్జెట్ అడిగినవాళ్లందరికీ నేను ఒకటే చెబుతున్నాను, గదిలో తగ్గించుకోండి, మనుషుల్లో తగ్గించుకోవద్దు.

అదే ఆసుపత్రిలో ఇంకో సంగతీ జరిగింది. ప్యాకేజీ కాగితంలో కింద చిన్న అక్షరాలతో "ఒక శిశువుకు" అని ఉంది. మేమెవరం చదవలేదు. పిల్లలిద్దరికీ రెండు ఫైళ్లు, రెండు అడ్వాన్సులు, రెండు బిల్లులు వచ్చాయి. మా బావ చొక్కా జేబులో రెండు రసీదు కట్టలు, రెండు రబ్బరు బ్యాండ్లు. అందుకే మీరు ఆరిలోవ ఆసుపత్రిలో సంతకం పెట్టేముందు ఆ 25,000 లో ఏమేం వస్తాయో రాయించుకోండి. ఇద్దరు బిడ్డలకి ఇద్దరు పిల్లల డాక్టర్లు కాన్పు గదిలో ఉంటారా, రెండో బిడ్డ వార్డు ఖర్చు కలిసిందా, రక్తం విడిగా వేస్తారా అని అడగండి.

మిడ్‌వైఫ్‌ల గురించి అడిగేటప్పుడు "మంచివాళ్లేనా" అని అడిగితే అందరూ అవుననే అంటారు. పోయిన ఏడాది కవలల కాన్పుల్లో ఎన్నింటిలో ఉన్నారో ఆ మిడ్‌వైఫ్‌నే అడగండి. రాత్రి డ్యూటీలో ఎవరుంటారు, నొప్పులు మొదలయ్యాక ఒక మిడ్‌వైఫ్ ఎంతమందిని చూసుకుంటారు, పిల్లలు ఐసీయూలో ఉంటే పాలు తీయడం, తల్లి గుండె మీద బిడ్డని పడుకోబెట్టే కంగారూ పద్ధతి ఎవరు నేర్పుతారు అని అడగండి. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడం తప్పేం కాదు. మన దగ్గర జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా), బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లకి నర్సుగా, మిడ్‌వైఫ్‌గా రెండు రకాల రిజిస్ట్రేషనూ ఉంటుంది. కాగితం ఒక్కటే చాలదు కాబట్టే కవలల సంఖ్య అడగమన్నాను. కేజీహెచ్, ఘోషాసుపత్రి లాంటి ప్రభుత్వాసుపత్రుల పెద్ద ప్రసూతి వార్డుల్లో ఏళ్లు గడిపి బయటికొచ్చిన సిస్టర్లు ఎవరైనా ఆ టీంలో ఉన్నారేమో కనుక్కోండి, వాళ్లు చూసినన్ని కాన్పులు చిన్నచోట దొరకవు.

ఇప్పుడు లెక్క. మీకు నెలకి 8,500 మిగులుతోంది. సిప్ ఐదు నెలలు ఆపేయండి, ఏం కొంప మునగదు. 14,500 అయింది, ఐదు నెలలకి 72,500. స్కానింగులు 16వ వారం నుంచి 36 దాకా 11, వాటికి 24,200. డాక్టరు ఫీజులు, రక్త పరీక్షలు, ఐరన్, కాల్షియం మాత్రలకి ఇంకో 20,000 అనుకుందాం. ఇవన్నీ మీ జీతాల్లోంచే వెళ్లిపోతాయి, 28,000 దాకా మిగులుతుంది కూడా.

కాన్పుకి సిజేరియన్ లెక్కే వేసుకోండి. మొదటి బిడ్డ తల కిందికి ఉంటే డాక్టరు మామూలు కాన్పుకి ఒప్పుకోవచ్చు, అలా అయితే సంతోషం, డబ్బు మిగులుతుంది. 1,55,000 లో ఇన్సూరెన్స్ 50,000 పోతే మీ చేతి నుంచి 1,05,000. ఐసీయూకి ఇద్దరికీ పది రోజులు వేస్తే 2,00,000. మొత్తం 3,05,000 సిద్ధంగా ఉండాలి.

ఈ రెండు లక్షల దగ్గరే మీరు ఈ వారం ఒక పని చేయాలి. మీ హెచ్‌ఆర్‌కి ఈమెయిల్ పెట్టి మూడు ప్రశ్నలు అడగండి. పుట్టిన మొదటి రోజు నుంచే పిల్లలకి కవరేజీ ఉందా? ఇద్దరికీ ఉందా? వాళ్ల ఐసీయూ ఖర్చు 3 లక్షల నుంచి ఇస్తారా, కాన్పుకిచ్చే ఆ 50,000 లోనే కలిపేస్తారా? కొన్ని కంపెనీ పాలసీల్లో అలా కలిపేస్తారు, బిల్లు దగ్గరికొచ్చాక తెలుస్తుంది. ఫోన్లో చెప్పిన మాట వద్దు, జవాబు రాతలో ఉండాలి. మీవారి కంపెనీ పాలసీలో మీ పేరుంటే అక్కడా ఇదే అడగాలి. ఇప్పుడు కొత్తగా పాలసీ కొనేసి కాన్పుకి వాడుకుందామని మాత్రం ఎవరైనా చెబితే వినకండి. బయట కొనే పాలసీల్లో కాన్పుకి నెలల నుంచి ఏళ్ల దాకా వెయిటింగ్ ఉంటుంది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందంటే, చిట్టీ పాడండి. ఈ నెలే వద్దు, 13వ పాటో 14వ పాటో అయితే తోపుడు (పాడినవాళ్లు వదులుకునే మొత్తం) ఇంకాస్త తగ్గుతుంది, 2,55,000 కంటే కొంచెం ఎక్కువే రావచ్చు. కానీ పాడగానే చెక్కు చేతికి రాదు. జామీనుదారులు, వాళ్ల జీతం సర్టిఫికెట్లు, సంతకాలు అని మూడు నాలుగు వారాలు తిప్పుతారు. అందుకే జామీను ఎవరో ఇప్పుడే మాట్లాడుకోండి. మీకు 28వ వారం వచ్చేలోపు ఆ డబ్బు సేవింగ్స్ ఖాతాలో ఉండాలి. ఆ తర్వాత ఏ రోజైనా ఆసుపత్రికి పరుగెత్తాల్సి రావచ్చు. చిట్టీతో 2,55,000, ఎఫ్‌డీతో 1,80,000, మొత్తం 4,35,000. ఎఫ్‌డీని అడ్మిట్ అయ్యాక, అవసరమైతేనే మధ్యలో తీయండి. వడ్డీలో ఒక శాతమో అరశాతమో కోస్తారు, 14 శాతం లోనుతో పోలిస్తే అదెంత!

సెలవు గురించి మీరు అడగలేదు కానీ మీ జీతం ఇందులో పెద్ద భాగం. మొదటి కాన్పులో ఇద్దరు పుట్టినా మీకు 26 వారాల జీతంతో కూడిన సెలవు వస్తుంది. కాన్పుకి ముందు 8 వారాలకి మించి వాడుకోకూడదు. డాక్టరు కాన్పుకి అనుకున్న తేదీనే రాసిన సర్టిఫికెట్ ఇవ్వండి, 40 వారాల తేదీ ఇస్తే లెక్క తప్పుతుంది. నెలలు నిండకుండా పుట్టినా, కాన్పు వల్ల అనారోగ్యం వచ్చినా జీతంతో ఇంకో నెల దాకా సెలవు అడిగే హక్కు చట్టంలో ఉంది. చాలామందికి తెలియక జీతం నష్టపోతున్నారు.

మీరు ఉత్తరంలో చివర పెదనాన్నగారి ఇల్లు హనుమంతవాకలో ఉందని రాశారు. అది ఆరిలోవకి దగ్గర, 32వ వారం నుంచి అక్కడే ఉండండి, అమ్మగారిని అక్కడికే రమ్మనండి. పుట్టింటి పురుడు అని ఆవిడ బాధపడతారు, నాకు తెలుసు. పురుడయ్యాక పిల్లలు బరువు పెరిగాక నరసన్నపేట వెళ్లి ఊయల అక్కడే వేసుకోండి. ఆ సిస్టరమ్మ అడిగిన 15,000 కూడా ఆవిడకే ఇవ్వండి, కానీ నలభై రోజులు మీ ఇంటికొచ్చి ఇద్దరికీ ఒకేసారి పాలు పట్టడం నేర్పడానికి, మీకు రాత్రి రెండు గంటలు నిద్ర దొరకడానికి. కవలల తల్లికి అంతకంటే మంచి ఖర్చు నాకు తెలియదు.

ఒకవేళ ఐసీయూ రోజులు పది దాటి ఇరవై అయ్యేలా ఉంటే బంగారం తాకట్టుకి పరుగెత్తే ముందు కేజీహెచ్ ఉందని గుర్తుపెట్టుకోండి. పసిపిల్లల ప్రత్యేక వార్డు అక్కడ ఉంది. ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు, సిజేరియన్, జబ్బుపడిన పసిపిల్లల వైద్యం జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉచితం. మీ డాక్టరుని ఇప్పుడే అడిగి ఉంచండి, అప్పుడు కంగారులో నిర్ణయం తీసుకోవాల్సిన పని ఉండదు.

పిల్లలు పుట్టిన 21 రోజుల్లోపు ఇద్దరి జననం రిజిస్టరు అయ్యేలా చూసుకుని, వెంటనే ఇద్దరి పేర్లూ కంపెనీ పాలసీలో ఎక్కించండి. మీవారికి టర్మ్ పాలసీ (జీవిత బీమా) ఉందో లేదో మీరు రాయలేదు, లేకపోతే ఈ నెలలోనే తీసుకోమనండి.

హెచ్‌ఆర్ జవాబు రాగానే నాకు పంపండి. ఐసీయూ ఖర్చు 3 లక్షల్లోంచి వస్తుందని తేలితే ఎఫ్‌డీ ముట్టుకోకుండా దాటగలమేమో మళ్లీ లెక్క వేద్దాం.