అమెరికన్ కవయిత్రి ఎలిజబెత్ బిషప్ రాసిన ఉత్తరాలు చూడాలంటే వాసర్ కాలేజీకి వెళ్తే సరిపోతుందా?

సరిపోదండీ. ఆవిడ కాగితాలు అక్కడున్న మాట నిజమే. నేనూ అది నమ్మే ఒక రోజంతా పోగొట్టుకున్నాను.

పొద్దున్నే న్యూయార్క్‌లో రైలెక్కి, హడ్సన్ నది పక్కనుంచి దాదాపు రెండు గంటలు ప్రయాణం చేసి వాసర్ కాలేజీ ఉన్న పోకిప్సీలో దిగాను. కాలేజీ లైబ్రరీలో బ్యాగు పక్కన పెట్టించి, పెన్ను వద్దని పెన్సిల్ ఇచ్చారు. నాకు కావలసింది 1972లో ఆవిడ తన స్నేహితుడు, కవి రాబర్ట్ లోవెల్‌ని మందలిస్తూ రాసిన ఉత్తరం. విడిపోయిన భార్య ఎలిజబెత్ హార్డ్‌విక్ తనకు రాసుకున్న ఉత్తరాలను, అదీ మార్చి మరీ, ఆయన కవితల్లో పెట్టేశాడు. కళ కోసం అంతకు తెగించడం తగదని బిషప్ గట్టిగానే చెప్పింది.

ఫోల్డర్ తెరిస్తే అన్నీ లోవెల్ ఆవిడకు రాసినవే! తప్పు నాదే, క్యాటలాగు చదవకుండా పరిగెత్తాను. అయినా ఇంగితం ఉండాలి కదా, పోస్టు చేసిన ఉత్తరం రాసినవాళ్ల దగ్గర ఎందుకుంటుంది? లోవెల్‌కి రాసినవి హార్వర్డ్‌లోని హౌటన్ లైబ్రరీలో ఉన్నాయి. మరో కవయిత్రి మరియన్ మూర్‌కి రాసినవి ఫిలడెల్ఫియాలోని రోజెన్‌బాక్ మ్యూజియం లైబ్రరీలో. బిషప్, లోవెల్ ముప్ఫై ఏళ్లు రాసుకున్న 459 ఉత్తరాలు 2008లో ఒకే పుస్తకంగా వచ్చాయి. చదవడానికైతే అది కొనుక్కోండి, రైలు ఛార్జీలు మిగులుతాయి. అచ్చు వేసే ఆలోచన ఉంటే మాత్రం వేరే తలనొప్పి: కాగితం లైబ్రరీది, మాటల మీద హక్కు వారసులది.

నన్నడిగితే సాహిత్యాన్ని కాపాడేది రాసినవాళ్లు కాదు, అందుకున్నవాళ్లు. తన ఉత్తరానికి తానే కార్బన్ కాపీ దాచుకునేవాడు కవి కాదు, గుమాస్తా.

మా తాతయ్య ఇంట్లో దూలానికి ఒక ఇనుప తీగ వేలాడేది. వచ్చిన ప్రతి కార్డూ దానికి గుచ్చేవారు. ఆయన పోయాక తీగ మొత్తం దులిపి చూశాం, ఆయన చేతిరాత ఒక్కటీ లేదు. మా వాళ్లేమో చెదలు పడతాయని అవి కూడా పొయ్యిలో పెట్టారు, ఆ కోపం నాకింకా తగ్గలేదు. చివరికి కాకినాడలో మా పెద్దమ్మ ట్రంకుపెట్టెలో ఒక కార్డు దొరికింది. ఆయన రాసిందే. మనియార్డరు అందిందో లేదో వెంటనే జవాబు రాయమని, మూడు లైన్లు.